ఫరో పరుగు

పొద్దు పొడిచి సరిగ్గా ఒక గంట అయింది. ఫరో నెబ్‌సూతి మంచం అంచున కూర్చుని చెప్పులు తొడుక్కున్నాడు. లేవబోయి కూలబడ్డాడు.

అనగా అనగా నైలు నది ఒడ్డు రాజ్యానికి ఆయన రాజు. అక్కడ రాజును ఫరో అంటారు. ఆయన రాణి మెరెత్. వాళ్ళకు ముగ్గురు కొడుకులు. నెబ్‌సూతి కాలువలు తవ్వించాడు. కరువొచ్చిన ఏడు తన గాదెలు ముందుగా తెరిపించి, తన కంచం చివర పెట్టించుకున్నాడు.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. ముప్పై ఏళ్ళు ఏలిన ఫరో జనం ముందు పరుగెత్తాలి. మైదానానికి ఆ చివర ఒక రాయి, ఈ చివర ఒక రాయి ఉంటాయి. వాటి చుట్టూ మూడుసార్లు తిరిగొస్తే రాజ్యం మళ్ళీ ఆయనదే. పడిపోతే కిరీటం ప్రధాన పూజారికి పోతుంది. ఆ పూజారి ఉసెర్‌కెత్ మాంత్రికుడు కూడా. పూజకని ఫరో చెప్పులు పట్టుకెళ్ళి, ఫరో కూలబడడానికి ముందురోజే తిరిగి పంపింది అతనే.

పండగ దగ్గరపడినా ఫరో కాళ్ళకు బలం రాలేదు. దాన్ని తిరిగి తెస్తానని పెద్దకొడుకు సైన్యంతో మాంత్రికుడి దీవికి వెళ్ళాడు. ఈటెలు రెల్లుపుల్లలైపోయాయి. రెండోవాడు బంగారం పెట్టెతో వెళ్ళాడు. మూత తీస్తే కప్పలు గెంతాయి. మూడోవాడు హోరీ వట్టి చేతులతో బయలుదేరాడు.

దారిలో ఒక ముసలి మొసలి పళ్ళ మధ్య ఎముక ఇరుక్కుని మూలుగుతోంది. హోరీ చెయ్యి పెట్టి తీశాడు.

“నోట్లో చెయ్యి పెట్టిన మొదటివాడివి నువ్వే,” అంది మొసలి. “మళ్ళీ బయటికి తీసుకున్న మొదటివాడివి కూడా. ఎక్కు.”

ఏడు మడుగులు దాటించి అతన్ని దీవిలో దింపింది.

అక్కడ తావీ అనే పిల్ల పిల్లులకు పాలు పోస్తోంది. మాంత్రికుడు ఎత్తుకొచ్చి పనికి పెట్టుకున్న పిల్ల. ఇల్లంతా పిల్లులే. మాంత్రికుడి ప్రాణం వాటిలో ఒకదానిలో ఉందని, ఏ పిల్లిలోనో తనకూ తెలియదని ఆమె చెప్పింది. ఆ దేశంలో పిల్లిని చంపినవాడికి మరణశిక్ష. ప్రాణం దాచుకోవడానికి అంతకన్నా భద్రమైన చోటు లేదు.

హోరీ మంగలికత్తి ఉందా అని అడిగాడు.

ఆ దేశంలో ఇంటి పిల్లి చనిపోతే ఇంట్లోవాళ్ళంతా కనుబొమలు గొరిగించుకుంటారు. మాంత్రికుడు ఇంటికొచ్చేసరికి గుమ్మంలో తావీ కనుబొమలు లేకుండా నిలబడి ఉంది. ఒక పిల్లి పోయిందని, మిగతావాటికీ తెగులు సోకుతోందని ఏడుస్తూ చెప్పింది. అతను పోయినదేదో అడగలేదు. మిగతావాటిని చూడలేదు. తిన్నగా పొయ్యి వెనక్కి వెళ్ళి, చెవి చిరిగిన బూడిదరంగు పిల్లిని గుండెలకు హత్తుకుని తెచ్చాడు.

“ఒసేయ్, దీన్ని అవతలి ఒడ్డుకు పట్టుకుపో. దీనికి దగ్గు వచ్చినా నీ తోలు తీస్తాను.”

తావీ పిల్లిని తీసుకుని నేరుగా మొసలి వీపు ఎక్కింది. మొసలి నీటి నడుమకు పోయి ఆగింది. అప్పుడు హోరీ చెట్టు చాటునుంచి వచ్చాడు. అతనికీ కనుబొమలు లేవు.

“మేం పిల్లిని ముట్టుకోం, పూజారిగారూ. చట్టం మాకు తెలుసు,” అన్నాడు. “మొసలికే ఎవరూ చెప్పినట్టు లేదు.”

మొసలి ఆవలించింది.

మాంత్రికుడు లోపలికెళ్ళి మూడు ముడుల తాడు తెచ్చాడు. ఫరో కాళ్ళ బలం అందులో కట్టానని, ముడులు విప్పితే తిరిగొస్తుందని చెప్పాడు. హోరీ తాడునూ తావీనీ పిల్లినీ తీసుకుని ఇంటికి చేరాడు.

పండగనాటి ఉదయం తండ్రి ఎదుట మూడు ముడులూ విప్పాడు. నెబ్‌సూతి రాణి భుజం పట్టుకుని లేచాడు. మోకాళ్ళు ఊగాయి.

“నొప్పిగా ఉందా?” అంది మెరెత్.

“ఉంది. కానీ ముడులు విప్పేశారుగా. ఇక కుంటిసాకులు చెప్పలేను.”

ఆయన పరుగెత్తాడు. మొదటి చుట్టులో తూలాడు. రెండో చుట్టులో మోకాలు నేలకు తగిలింది. మూడో చుట్టు పూర్తిచేసి, రాయిని చేత్తో తాకి, అక్కడే నిలబడ్డాడు. కూర్చోమని పీట వేస్తే వద్దన్నాడు.

హోరీకీ తావీకీ పెళ్ళయింది. పెళ్ళినాటికి ఇద్దరికీ కనుబొమలు సగమే వచ్చాయి. నెబ్‌సూతి చాలా ఏళ్ళు ఏలాడు. ఆయన తరవాత, అన్నలు ఇష్టంగా ఒప్పుకోగా, హోరీ అంతకాలమూ ఏలాడు.

పెళ్ళయిన కొన్ని రోజులకు ఉసెర్‌కెత్ పిల్లి మీద బెంగతో కోటకొచ్చి, ఫరో కాళ్ళ ముందు ఇంకో తాడు పెట్టాడు. మొదట ఇచ్చింది మేకను కట్టే తాడని ఒప్పుకున్నాడు. అసలు తాడు ఇదేనన్నాడు. దాని మూడు ముడులూ బిగిసే ఉన్నాయి.