మెడలో తెల్లదారం

అనగనగా, వానలు మాట తప్పని కాలంలో, పొగడపురాన్ని ఏలే రాజొకడు ఉండేవాడు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. కడగొట్టువాడు మణికేతుడు. అతను మనసిచ్చిన హేమరేఖను కరాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల దీవిలో నిద్రపుచ్చాడు.

ఆ దీవిలో ఒకే చెట్టు. చెట్టు మీద రెండు కోయిలలు. ఒకదాని దగ్గర కరాళుడి ప్రాణం, ఒకదాని దగ్గర హేమరేఖ ప్రాణం. "జుట్టున్న నల్లకోయిల దగ్గరే వాడి ప్రాణముంది" అని రాజగురువు చెబితే పెద్దన్న వెళ్ళాడు. చూస్తే రెండిటికీ జుట్టే! దేన్ని కొడితే ఎవరు పోతారో తేలక అలాగే నిలబడ్డాడు. పొద్దు గుంకేలోగా పని ముగించనివాడు రాయైపోవాలని కరాళుడి మంత్రం. పొద్దు గుంకింది, రాయైపోయాడు. నడిపన్న వెళ్ళాడు. అతనూ రాయైపోయాడు.

మణికేతుడు ఏడు సముద్రాలూ దాటి ఒక సాయంత్రం దీవిలో దిగాడు. రాళ్ళైన అన్నలను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వాళ్ళ పాదాల దగ్గర గాలికి జారిన పిట్టగూడు కనిపిస్తే, తీసి కొమ్మ మీద పెట్టాడు. ఆ గూటి పిట్ట, మట్టిరంగుది, నోరు విప్పింది.

"ఏం నాయనా, నువ్వూ ఎండకెదురుగా నిలబడే చూస్తావా? అట్లా చూస్తే అన్నీ నల్లగానే ఉంటాయి. మీ అన్నలు జుట్టే చూశారు గానీ రెక్క చూడలేదు."

"నీకు తెలుసా అమ్మా?"

"తెలియకేం? ఆ కోయిలలు రెండూ ఎవరో నా గూట్లో పెట్టిపోయిన గుడ్లే. నావనుకుని పొదిగాను. నావి కావని తెలిసేసరికి నా బిడ్డలైపోయారు. వాడి ప్రాణం ఇటుకరంగు రెక్కలదాని మెడలో తెల్లదారమై ఉంది. ముడి విప్పు. లాగి తెంపావో, నా బిడ్డ మెడ తెగుతుంది. తెంపనని మాటివ్వు."

మాటిచ్చాడు. చెట్టు చుట్టి అవతలివైపుకు వెళ్ళి, పొద్దును వీపున పెట్టుకుని చూశాడు. ఒక కోయిలకు నల్లరెక్క, రెక్క మీద తెల్లమచ్చ, బోసిమెడ. "పియూ పియూ" అని వానను పిలుస్తోంది. హేమరేఖ కూడా నిద్రలో అట్లాగే పిలుస్తోందేమో అనిపించి అతని గుండె నీరైంది. రెండోదానికి ఇటుకరంగు రెక్కలు, మెడ వెనక తెల్లని పట్టీ. కూస్తే కంచుగిన్నె రెండేసిసార్లు మోగినట్టుంది.

"రా బిడ్డా!" అంది తల్లిపిట్ట. ఇటుకరెక్కల కోయిల వచ్చి అతని అరచేతిలో వాలింది.

కరాళుడు పరుగున వచ్చి పకపకా నవ్వాడు. "ముడి విప్పేలోగా పొద్దు గుంకుతుందిరా వెర్రివాడా!"

నిజమే. పాదాలు బరువెక్కాయి. రాయి మోకాళ్ళకు పాకింది, నడుముకు పాకింది. తెంపితే రెప్పపాటు పని. పిట్ట గుండె అరచేతిలో టకటకా కొట్టుకుంటోంది. మణికేతుడు గోటి కొసతో ముడిని కదిపాడు, మళ్ళీ కదిపాడు, మూడోసారి కదిపాడు. నీటి అంచున ఎర్రని గీత మిగిలి ఉండగా దారం జారిపోయింది.

కరాళుడు బూడిదయ్యాడు. అన్నలు ఒళ్ళు విరుచుకున్నారు. హేమరేఖ కళ్ళు తెరిచి, "వానొచ్చిందా?" అని అడిగింది. అప్పుడే తొలి చినుకు పడింది.

పెళ్ళినాడు అక్షింతల గింజలు మొదట తల్లిపిట్టకే వేశారు. మణికేతుడి కాలి చిటికెనవేలు మాత్రం రాయిగానే మిగిలింది. అన్నలే పట్టం కడితే, ఆ కుంటినడకతోనే అతను అరవై ఏళ్ళు చల్లగా ఏలాడు. దారం పోయినా ఆ కోయిల మెడ మీద తెల్లని గుర్తు పోలేదు. మీకెప్పుడైనా కనిపిస్తే, పొద్దును వీపున పెట్టుకుని చూడండి.