మొవ్వు తొక్కని గాడిద

అనగనగా ఒక అడవి అంచున ఒక వాగు. వాగుకు ఇవతల ఎర్ర పెంకుల చర్చి, అవతల ఈతవనం. ఆ ఊళ్ళో జంతువులు మాట్లాడితే మనుషులకు అర్థమయ్యేది, కాస్త ఆగి వింటే.

బట్టలుతికే సూరన్నకు ఒక గాడిద ఉండేది. ఏడాది పొడుగునా అది మూటలు మోసేది, కర్ర దెబ్బలు తినేది. మట్టల ఆదివారం నాడు మాత్రం దాని దశ తిరిగేది. ప్రభువు గాడిదనెక్కి పట్టణంలోకి వచ్చిన రోజు కదా అది. సంఘంవాళ్ళు దానికి స్నానం చేయించి, బంతిపూల దండ వేసి, బెల్లం తినిపించి ఊరేగింపుకు ముందు నడిపించేవారు. దాని కాళ్ళ కింద ఈత మట్టలు పరిచేవారు. ఆ ఒక్క పూట గాడిద మెత్తటి దారిన తలెత్తుకుని నడిచేది.

ఆ సంఘానికి చెట్లంటే ఇష్టమే. దేవుడు చేసిన లోకాన్ని కాపాడాలని పాస్టరు గమలియేలుగారు చెప్పి, చర్చి చుట్టూ వేప, కానుగ మొక్కలు నాటించారు. సండే స్కూలు పిల్లలు వంతులేసుకుని నీళ్ళు పోసేవారు. ఆడవాళ్ళు వాగులో ప్లాస్టిక్ సంచులు ఏరేవారు. వాళ్ళు చేసిన పనిలో కపటమేమీ లేదు.

పండుగ ముందురోజు పొద్దున్నే ఒక ఉడుత వాగు దాటి పరుగెత్తుకొచ్చింది. దాని తోక ఒకచోట నిలవడం లేదు.

"గాడిదన్నా, రేపు నా చెట్టు మీదికొస్తారు. నా పిల్లలింకా కళ్ళు తెరవలేదు" అంది.

"మట్టలు కొడితే చెట్టుకేమవుతుందమ్మా, మళ్ళీ వస్తాయి" అంది గాడిద.

ఉడుత విడమరిచి చెప్పింది. కింది మట్టలు కొడితే ఏమీ కాదు. కానీ వాటికి ముళ్ళు, దుమ్ము. అందుకని సంఘంవాళ్ళు చెట్టు నడినెత్తిన ఉండే మొవ్వు కోస్తున్నారు. అంటే ఇంకా విప్పుకోని తెల్లటి లేత ఆకులు. చూడ్డానికి బాగుంటాయి, సిలువలు మడవడానికి చెప్పినట్టు వింటాయి. కానీ ఈతచెట్టు ఎదిగేది అక్కడి నుంచే. అది తెగితే చెట్టు మోడే. ఏటా చెట్లు చస్తుంటే, ఎండలకు పోయాయని సంఘంవాళ్ళు అనుకుంటున్నారు. పిల్లల్ని నోట కరుచుకుని వేరే చెట్టుకు దూకుదామంటే చుట్టూ మోడులే. నేల మీదికి దిగితే కుక్కలు.

"నాకెందుకు చెబుతావు? నేను కోశానా?" అని విసుక్కుంది గాడిద.

"నీ కాళ్ళ కింద పరవడానికేగా కోస్తున్నది" అని ఉడుత వెళ్ళిపోయింది.

ఆ మాట గాడిద చెవిలో ఈగలా దూరింది. మేత సయించలేదు. తాడు సాగినంత మేరా అటూ ఇటూ తిరిగింది. చివరకు తాడు తెంపుకుని పాస్టరుగారి మేక దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పింది.

"అల్లుడూ, ఏడాదికొక్కరోజు నిన్ను మనిషిలా చూస్తారు. అది కూడా పోగొట్టుకుంటావా?" అంది మేక.

అయినా కుదురు రాలేదు. గంట గోపురం మీది కాకినడిగింది. సంఘంవాళ్ళు నాటిన మొక్కలన్ని ఉండగా నాలుగు ఈతచెట్లు పోతే వచ్చిన నష్టమేమిటని కాకి నవ్వింది. గాడిదకు కొంచెం ఊరట కలిగింది.

ఆ ఊరట సాయంత్రం దాకా నిలవలేదు. సూరన్న దాన్ని మూటలతో వాగుకు తోలాడు. ఈతచెట్లు చచ్చిన చోట ఒడ్డు విరిగి నీళ్ళలో పడి ఉంది. మూటలు దింపాక ఒకప్పుడు అది నిలబడే నీడ ఇప్పుడు లేదు. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఉతికిన బట్టకు మట్టి రంగు వదలడం లేదని సూరన్న తిట్టుకుంటున్నాడు. గాడిద తన గిట్టల వంక చూసుకుంది.

ఆదివారం వచ్చింది. స్నానం, దండ, బెల్లం. ఆ బెల్లం అది ముట్టలేదు. సంఘంలో పాటలు పాడించే రాహేలమ్మ పాట అందుకుంది. సంఘపెద్ద జెకర్యాగారు పగ్గం పట్టుకుని నడిచారు. వాగు వంతెన దగ్గరికి వచ్చేసరికి మట్టలు చాల్లేదు. యువకుల పెద్ద తీతు కొడవలి తీసుకుని ఒడ్డు మీదికి పరుగెత్తాడు. ఒడ్డున మొవ్వుతో మిగిలిన చెట్టు ఒక్కటే, తీతు దాన్నెక్కసాగాడు. దాని మీద ఉడుత పైకీ కిందికీ ఉరుకుతోంది.

గాడిద ముందు తెల్లటి మొవ్వు పరిచి ఉంది. అది కాలెత్తింది. మళ్ళీ వెనక్కి పెట్టేసింది.

జెకర్యాగారు పగ్గం గుంజారు. అది కదల్లేదు. "సూరన్నా, నీ గాడిదకు నీ బుద్ధులే అబ్బాయయ్యా, పని పడినప్పుడే మొండికేస్తుంది" అన్నారు. అందరూ నవ్వారు. సూరన్నకు తల కొట్టేసినట్టయింది. కర్రెత్తి వీపు మీద ఒక్కటిచ్చాడు.

"కొట్టు సూరన్నా. నేను తొక్కను" అంది గాడిద. "ఇవి చెట్ల తలకాయలు. పోయినేడు కోసిన చెట్లలో ఒక్కటి చిగిరించిందేమో వెళ్ళి చూడండి. చిగిరిస్తే నేను మోకాళ్ళ మీద నడుస్తాను. ముందు ఆ పిల్లోణ్ణి చెట్టు దించండి."

గాడిద చేత చెప్పించుకునే గతి తమకు పట్టలేదని జెకర్యాగారు మండిపడ్డారు. రాహేలమ్మ మాత్రం పాట ఆపి ఒడ్డు వంక చూసింది. పాస్టరుగారు దెబ్బ తిన్నా కాలు కదపని గాడిదను చూశారు. తర్వాత గట్టిగా కేకేశారు.

"తీతూ, ఆగరా."

చెట్టు మీద కొడవలి ఆగింది. "అయ్యగారూ, ఇక్కడ గూడుంది, పిల్లలున్నాయి" అన్నాడు తీతు, గొంతు తగ్గించి.

అందరూ ఒడ్డుకు వెళ్ళారు. మోడు తర్వాత మోడు తడిమి చూశారు. ఒక్కదానికీ చిగురు లేదు. "నాటినవి చూసుకుని మురిసిపోయాం, కోసినవాటి వంక తిరిగి చూడలేదు" అన్నారు పాస్టరుగారు. తీతు కొడవలి కింద పెట్టి కిందికి దిగాడు.

జెకర్యాగారి కోపం చల్లారలేదు. మరుసటేడు పండుగకు పక్క ఊరి తెల్ల గాడిదను తెప్పించి, దానికే దండ వేయించారు. దారిలో మట్టలు పరవలేదు. ఇంటికొకటి చొప్పున ముళ్ళు తీసిన కింది మట్ట చేతబట్టుకుని నడిచారు. ఊరేగింపు వెనకాల సూరన్న గాడిద ఈత గింజల బస్తా మోసుకుంటూ వచ్చింది. దానికెవరూ బెల్లం పెట్టలేదు.

ఒడ్డున పిల్లలు తడి మట్టిలో గింజలు గుచ్చుతున్నారు. గింజ చెట్టయ్యేదెప్పుడో, ఒడ్డు అంతదాకా నిలుస్తుందో లేదో గాడిదకు తెలియదు. మనసులో ఆ గుబులు పోలేదు. అయినా బస్తా ఖాళీ అయ్యేదాకా అది కాలు కదపలేదు.

నీతి: మనకు జరిగే మర్యాద కోసం ఇంకొకరి గూడు కూలుతుంటే, ఆ మర్యాద నాకొద్దని నిలబడి చెప్పాలి.