నాలుగో స్పాటరు

సెమిస్టరు చివరి వారంలో విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. నిధులు తగ్గాయి కాబట్టి కళాశాలలో నాలుగు తాత్కాలిక ఉద్యోగాలు తీసేయాలి, లేదా అంత ఖర్చూ మరోచోట తగ్గించి చూపాలి. గడువు నాలుగు రోజులే.

ప్రిన్సిపాల్ హైమవతికి మూడు రోజులుగా అన్నం సయించలేదు. చివరికి జాబితా రాసింది. బైండరు ఒకటి, తోటమాలి ఒకటి, గెస్టు లెక్చరరు ఒకటి, ల్యాబ్ అటెండరు ఒకటి. పేర్లు రాయలేదు. పేర్లు లేకపోతే పక్షపాతమన్న మాట రాదని ఆమె ధీమా.

సంతకం పెట్టేముందు ఆ కాగితం సన్యాసిరావు మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళింది. డిగ్రీలో ఆమెకి వృక్షశాస్త్రం చెప్పింది ఆయనే. రిటైరై పదిహేనేళ్ళయినా రోజూ ల్యాబ్‌కొచ్చి, అట్టలకి అతికించిన ఎండుమొక్కల పేర్లు సరిచూస్తూ కూర్చుంటారు. జీతమిచ్చేవాళ్ళు లేరు, పొమ్మనే ధైర్యమూ ఎవరికీ లేదు.

"ఎవరి మొహమూ చూడకుండా రాశాను మాస్టారూ" అంది. మెచ్చుకుంటారనే అనుకుంది.

ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. కూర్చోమని చెప్పి బయటికి వెళ్ళి, అరగంటకి నాలుగు వస్తువులతో తిరిగొచ్చారు. ప్రాక్టికల్సు ఆ మధ్యాహ్నమే ముగిశాయి, బల్లలు ఇంకా వరసగానే ఉన్నాయి. వాటిమీద ఒక్కొక్కటీ పెట్టి, ముందు అంకె చీటీలు ఉంచారు.

స్పాటింగంటే వృక్షశాస్త్రం చదివినవాళ్ళకి ముసలితనంలో కూడా గుండె దడే. ప్రాక్టికల్ పరీక్షలో 'స్పాటరు'గా పెట్టిన ఒక్కో మొక్క ముందు ఒక్క నిమిషం నిలబడాలి. పేరు రాయాలి, లక్షణాలు రాయాలి, గంట కొట్టగానే జరగాలి.

"నీ జాబితాలోని మనుషుల పనులే ఇవి. ఎవరివో రాయమ్మా" అని మాస్టారు తెల్లకాగితం ఇచ్చి గంట కొట్టారు.

మొదటిది వెన్ను విరిగితే మళ్ళీ దారంతో కుట్టిన లైబ్రరీ పుస్తకం. కుట్టు ముచ్చటగా ఉంది, పేరు మాత్రం తెలియలేదు. రెండోది చెట్టుకి కట్టే రేకు, తెల్లరంగుతో గుండ్రటి అక్షరాలు. రోజూ కారులోంచి చూసేదే. మూడోది పేజీపేజీకీ ఎర్రసిరాతో ఓపిగ్గా దిద్దిన విద్యార్థి నోటుపుస్తకం. గంట మూడుసార్లు మోగింది, మూడు చోట్లా కాగితం ఖాళీ.

నాలుగోది సూక్ష్మదర్శిని కింద స్లైడు. కన్ను ఆనించగానే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అలవాటుగా 'గుమ్మడి కాండం, అడ్డుకోత' అని రాసేసింది.

మాస్టారు దాన్ని కొట్టేశారు. "మొక్క నాకూ తెలుసు. చీటీ చదువు."

స్లైడు అంచున పసుపెక్కిన చీటీ ఉంది. 'బి. హైమవతి, రెండో సంవత్సరం.' ఇరవయ్యెనిమిదేళ్ళ కిందటిది. ఆ రోజు మధ్యాహ్నమంతా బ్లేడుతో కోస్తే ఒక్కటే పల్చగా వచ్చింది. మార్కులు పడ్డాయి, గాజుగిన్నెలోనే వదిలేసి వెళ్ళిపోయింది. మరి దాన్ని అద్దాల మధ్య అతికించి ఇన్నేళ్ళు దాచిందెవరు?

వెనక గదిలో గాజుసామాను కడుగుతున్న చప్పుడు వినిపించింది. హైమవతి లేచి వెళ్ళింది. ఆమె చదువుకునే రోజుల నుంచీ రోజుకూలీ మీదే ఉన్న అటెండరు పైడమ్మ తొట్టి దగ్గర నిలబడి ఉంది. స్లైడు చూపిస్తే నవ్వింది.

"పారబొయ్యడానికి మనసొప్పనేదమ్మా. అంత పల్చగా మరెవులూ కొయ్యనేదు. యేటేటా కొత్త పిల్లలకి మీదే సూపిత్తన్నాం."

 హైమవతి ఆ తడిచేతుల్ని పట్టుకుంది.

తర్వాత పరీక్ష కాగితం పట్టుకుని లైబ్రరీకి, తోటకి, స్టాఫ్ రూముకి నడిచే వెళ్ళింది. ఇంటికెళ్ళేముందు విశ్వవిద్యాలయానికి జవాబు రాసింది. ఆ నాలుగు ఉద్యోగాలకి బదులు తన అద్దెకారు, తన గదికి రాబోయే కొత్త సామాను, కళాశాల స్వర్ణోత్సవ సభ, ఈ మూడూ వద్దంది. సభ కమిటీవాళ్ళు తనతో మాట్లాడటం మానేస్తారని తెలిసే రాసింది.

మర్నాడు ఆ ఉత్తరం నకలూ, నింపిన పరీక్ష కాగితమూ మాస్టారి ముందు పెట్టింది. ఆయన ఉత్తరం పక్కనపెట్టి, కళ్ళజోడు తుడుచుకుని కాగితం దిద్దడం మొదలుపెట్టారు. మూడింటికీ టిక్కు పెట్టారు. నాలుగోదాని దగ్గర ఆగారు. కొట్టేసిన గుమ్మడి కాండం కింద ఇలా రాసి ఉంది.

'పేరు: పైడమ్మ గారు. లక్షణం: పారబొయ్యదు.'

మాస్టారు దానికి పూర్తి మార్కులు వేశారు.