గుప్పెడు సిమెంటు

స్లాబుకి సెంట్రింగ్ విప్పే రోజున వేదాద్రి గారికి ఒక అలవాటు ఉండేది. ఇనప కుర్చీ ఒకటి స్లాబు కిందికి తెప్పించుకుని, దాని మీద కూర్చుని, స్లాబుకి ఆసరాగా నిలబెట్టిన సరుగుడు బాదులు ఒక్కొక్కటీ పడిపోతుంటే పేపరు చదువుకునేవారు. చివరి బాదు పడ్డాక పేపరు మడిచి చంకలో పెట్టుకుని లేచి వెళ్ళిపోయేవారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన కట్టించిన ప్రతి వంతెన కిందా, ప్రతి కల్వర్టు కిందా అలా కూర్చున్నారని పనివాళ్ళు చెప్పుకునేవారు. కొందరు దాన్ని సెంటిమెంటు అన్నారు, కొందరు చాదస్తం అన్నారు. ఆయన రెండూ విన్నారు. కుర్చీ మాత్రం మానలేదు.

ఆయన దగ్గర ఏడాది పాటు పని నేర్చుకోవడానికి వచ్చిన పుష్యమి మాత్రం ఒకరోజు అడిగేసింది. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి అప్రెంటిస్‌గా చేరిన పిల్ల. బుర్రలో పుట్టిన ప్రశ్న నోటిదాకా రావడానికి ఎక్కువసేపు పట్టదు.

“సార్, మీ లెక్క మీద మీకు నమ్మకం ఉంటే కింద కూర్చోవడం ఎందుకు? నమ్మకం లేకపోతే సంతకం పెట్టడం ఎందుకు?”

వేదాద్రి గారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. “నీ స్లాబు విప్పే రోజున అడుగు” అన్నారు.

ఆ మాట అన్న నెలలోపే ఆమెకంటూ ఒక స్లాబు అప్పజెప్పారు. గెడ్డకి, అంటే ఊరి వాగుకి, అడ్డంగా చిన్న కల్వర్టు. అవతల ఒక పేట ఉంది, నలభై గడప. వానాకాలం గెడ్డ పొంగితే ఆ నలభై గడపకీ ఇవతలి లోకంతో సంబంధం తెగిపోయేది. బడిపిల్లలు ఇళ్ళలో ఉండిపోయేవారు, నొప్పులు పడే ఆడమనిషిని మంచం మీద మోసుకుని నడుంలోతు నీళ్ళలో దాటించేవారు. మృగశిర కార్తె వచ్చేలోపు కల్వర్టు అందుబాటులోకి రావాలి. పుష్యమికి కూడా తొందర ఉంది. పని సవ్యంగా పూర్తయితే “స్వతంత్రంగా పని చేయించగలదు” అని వేదాద్రి గారు ఒక కాగితం రాసిస్తారు. ఆ కాగితం చూపిస్తే విశాఖపట్నంలో ఒక ఉద్యోగం. జూన్ మొదటి వారంలోపు చూపించకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది. పలాసలో జీడిపిక్కలు ఒలిచే వాళ్ళమ్మ, ఆ జీడి మరకల చేతులతోనే ఫోను పట్టుకుని, “నీ కాగితం వచ్చిన రోజున నేను పని మానేస్తానే” అని ప్రతి ఆదివారం చెప్పేది.

స్లాబు వేసిన రోజు ఏప్రిల్ నెల ఎండ. పదకొండు గంటలయ్యేసరికి కలిపే మిల్లర్‌లోంచి బయటికి వచ్చిన కాంక్రీటు తట్టల్లోనే బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. మేస్త్రీ అప్పలకొండ చెమట తుడుచుకుంటూ పైకి వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా తాపీ పట్టిన మనిషి, మంచివాడు, పుష్యమిని కూతురిలా చూసేవాడు.

“అమ్మా, మాలు బిగిసిపోతంది. ఊసల మజ్జికి దిగడం లేదు. ఇంకో బకిట్టు నీల్లొయ్యమను.”

పొయ్యకూడదని పుష్యమికి తెలుసు. చదువుకున్న వాళ్ళకే కాదు, చెబితే ఎవరికైనా అర్థమయ్యే సంగతే ఇది. నీళ్ళు ఎక్కువైన కాంక్రీటు పోసేటప్పుడు పాయసంలా జారుతుంది. పనివాడికి హాయి. కానీ ఆ ఎక్కువ నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఎండేటప్పుడు ఆవిరైపోతాయి. అవి ఉన్న చోటల్లా కంటికి కనపడని సన్నని బొక్కలు మిగిలిపోతాయి. పైకి నున్నగా ఉంటుంది, లోపల డొల్ల. ఇదంతా తెలిసీ, నెత్తి మీద తట్టలతో వరసగా నిలబడ్డ ఆడవాళ్ళ మొహాలు చూసి, “ఒక్క బకెట్టే” అంది. రెండోసారి అడిగినప్పుడు తల ఊపింది. ఆ తర్వాత వాళ్ళు అడగలేదు, ఆమె చూడలేదు.

క్యూబులు పోసింది కూడా ఆ రోజే. ఆరంగుళాల ఇనప అచ్చుల్లో అదే కాంక్రీటు నింపి, గట్టిపడ్డాక నీళ్ళలో నానబెట్టి, ఇరవై ఎనిమిది రోజులకి పట్నంలో మిషను కింద పెట్టి పగలగొట్టిస్తారు. ఎంత బరువుకి పగిలిందో అదే ఆ స్లాబు బలం అని రాస్తారు. స్లాబుని పగలగొట్టి చూడలేం కాబట్టి దాని తరఫున క్యూబు పగులుతుందన్నమాట. కాంక్రీటులో ఎక్కువ నీళ్ళు పడకముందే, పొద్దుటి పూట, అప్పలకొండ అచ్చులు నింపాడు. నింపుతూ సంచిలోంచి గుప్పెడు సిమెంటు తీసి ఒక్కో అచ్చులో చల్లి తాపీతో కలిపాడు.

“అదేంటి మేస్త్రీ?” అంది పుష్యమి.

“పరీచ్చకెల్లే పిల్లకి గరిటెడు పెరుగెక్కువెయ్యమా అమ్మా? ఇదీ అంతే. అందరూ ఏసీదే” అని నవ్వాడు.

పుష్యమి కూడా నవ్వింది. అబద్ధం ఆడుతున్నామని ఇద్దరిలో ఎవరికీ అనిపించలేదు. ఆ ప్రాంతంలో ఏ పనిలో చూసినా అచ్చులో గుప్పెడు పడేది. పెద్ద మేస్త్రీలు చిన్న మేస్త్రీలకి అది కూడా పనిలో భాగంగానే నేర్పేవారు.

ఇరవై ఎనిమిదో రోజు దాటాక రిపోర్టు వచ్చింది. బలం ఇరవై అయిదు వస్తే చాలు, ముప్పై నాలుగు వచ్చింది. పుష్యమి ఆ కాగితాన్ని ఫొటో తీసి వాళ్ళమ్మకి పంపింది. చదవడం రాని ఆవిడ పక్కింటి కుర్రాడి చేత చదివించుకుని, “ముప్పై నాలుగా! నూటికేనా?” అని అడిగింది. కాదమ్మా, ఇది వేరే లెక్క అని చెప్పి పుష్యమి పగలబడి నవ్వింది.

మర్నాడు పొద్దున్న సెంట్రింగ్ విప్పడం. పేటలోంచి జనం వచ్చి గట్టు మీద కూర్చున్నారు. ముందు వరసలో పైడితల్లి, కిందటేడు వానల్లో గెడ్డ దాటించలేక మనవడిని పోగొట్టుకున్న ముసలిది. స్లాబు కింద ఇనప కుర్చీ వేసి ఉంది. వేదాద్రి గారు చేతిలో పేపరు పుష్యమికి అందించారు.

“ఈ రోజు కుర్చీ నీది.”

పుష్యమి కిందికి దిగింది. కూర్చుంది. నెత్తికి మూడడుగుల ఎత్తున చెక్కలు, చెక్కల మీద ఆమె పోయించిన కాంక్రీటు. చుట్టూ సరుగుడు బాదులు. వేదాద్రి గారు కూడా దిగి వచ్చి పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డారు. అప్పలకొండ సుత్తి తీసుకుని మొదటి బాదు దగ్గరికి వచ్చాడు. బాదు కొట్టేవాడు కూడా స్లాబు కిందే కదా ఉంటాడు! ఆ సంగతి పుష్యమికి అంతకు ముందు ఎన్నడూ తోచలేదు.

“మేస్త్రీ, నీకు భయం లేదా?” అంది మెల్లగా.

“ముప్పై నాలుగొచ్చిందట గదమ్మా, ఇంక బయ్యమేటి?” అన్నాడు అప్పలకొండ.

వేళాకోళం కాదు. నిజంగానే అన్నాడు. గుప్పెడు సిమెంటు వేసిన చెయ్యి అదే, ఇప్పుడు సుత్తి పట్టుకున్న చెయ్యీ అదే. తను ముస్తాబు చేసి పంపిన క్యూబు ముప్పై నాలుగు అనిపించుకుని తిరిగివస్తే, ఆ మాట నమ్మి, కింద నిలబడి ఉన్నాడు. పుష్యమి ఒళ్ళో పేపరు తెరిచే ఉంది, ఒక్క అక్షరమూ కనపడలేదు. నిన్నటిదాకా తనూ అలాగే నమ్మింది. వాళ్ళమ్మ చేత కూడా నమ్మించింది.

సుత్తి లేచింది.

“ఆగు మేస్త్రీ!”

గట్టు మీద జనం మెడలు చాచి చూశారు. పుష్యమి లేచి నిలబడింది. “సార్, ఆ ముప్పై నాలుగు క్యూబుది. స్లాబుది కాదు. క్యూబుల్లో గుప్పెడు సిమెంటు ఎక్కువ పడింది, చూసి ఊరుకున్నాను. స్లాబులో నీళ్ళు ఎక్కువ పడ్డాయి. అవి నేనే పొయ్యమన్నాను.”

వేదాద్రి గారి మొహంలోకి కోపం రాలేదు. వస్తే ఆమెకి కాస్త తేలికగా ఉండేదేమో.

“ఎన్ని బకెట్లు?”

“లెక్కపెట్టలేదు సార్.”

“అదే రాయి. లెక్కపెట్టలేదు అనే రాయి” అన్నారాయన.

పట్నం నుంచి మిషను వచ్చింది. స్లాబుకి మూడు చోట్ల గుండ్రంగా రంధ్రం కోసి ముక్కలు బయటికి తీశారు. ఈసారి క్యూబు కాదు, స్లాబే పరీక్షకి వెళ్ళింది. ఒకటి పదహారుకి పగిలింది, ఒకటి పద్నాలుగుకి, మూడోది పదిహేనుకి. కాగితం చూసి వేదాద్రి గారు రిజిస్టరు తెరిచి ఒక్క ముక్క రాశారు: పగలగొట్టి మళ్ళీ వెయ్యాలి. దాని కింద పుష్యమి చేత సంతకం పెట్టించారు. ఏడాదిలో ఆయన ఆమె చేత పెట్టించిన మొదటి సంతకం అదే.

జూన్ మొదటి వారం వచ్చింది, పోయింది. ఉద్యోగం కూడా దానితోనే పోయింది. అప్రెంటిస్ గడువు ఇంకో ఆరు నెలలు పెరిగింది. ఆదివారం ఫోనులో సంగతంతా వాళ్ళమ్మ విన్నది. చివరికి, “తిన్నావా?” అని మాత్రం అడిగింది.

అంతకంటే కష్టమైనది గట్టు మీద జరిగింది. స్లాబు మీద సమ్మెట దెబ్బలు పడుతుంటే పైడితల్లి వచ్చి పుష్యమి ఎదురుగా నిలబడింది.

“నువ్వు సదువు నేర్సుకోడానికి మా గెడ్డే దొరికిందేటమ్మా?”

పుష్యమి తలదించుకోలేదు. “తప్పు నాదే పెద్దమ్మా. ఇది అలాగే వదిలేసి ఉంటే, ఎప్పుడో ఒకరోజు మీవాళ్ళ మీద పడేది.”

“పడితే అప్పుడు ఏడిసేవోళ్ళం. ఇప్పుడు ఈ ఏడు కూడా ఏడవాల” అంది ముసలిది. కసిరినట్టు కాదు, లెక్క చెప్పినట్టు. గెడ్డ వైపు తిరిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

పగిలిన కాంక్రీటులోంచి ఇనప ఊసలు బయటపడుతున్నాయి. వంగినవి పక్కన పారేసి, బాగున్నవి ఏరి వరసగా పేరుస్తున్నాడు అప్పలకొండ. ఊసలు ఏరుతూనే, తల ఎత్తకుండా అన్నాడు:

“ఆ రోజు పొద్దున్నే సారు నా దగ్గరకొచ్చి, మజ్జి వరస బాదులు ఇయాల ముట్టుకోవద్దన్నారమ్మా. పక్క వరసలే కొట్టమన్నారు. ఎందుకో అనుకున్నాను.”

నడిమి వరస నిలబడి ఉంటే స్లాబు ఎటూ కదలదు. అంటే ఆ ఉదయం ఆమె కుర్చీలో కూర్చున్నప్పుడు, ఆమెకి గాని మేస్త్రీకి గాని ఏ ప్రమాదమూ లేదన్నమాట. పుష్యమి చేతిలో రిజిస్టరు అలాగే పట్టుకుని షెడ్డు దగ్గరికి నడిచింది. వేదాద్రి గారు గుమ్మంలో నిలబడి, స్లాబు ఉండిన చోట కనపడుతున్న ఆకాశం వైపు చూస్తున్నారు. మబ్బులు పడుతున్నాయి.

“సార్, నీళ్ళ సంగతి మీకు ముందే తెలుసా?”

సమ్మెట దెబ్బ ఒకటి పడింది, దాని వెనక ఇంకొకటి.

“స్లాబుకి మొదటిరోజే తెలుసమ్మా” అన్నారు వేదాద్రి గారు. “ఇక తెలియాల్సింది మనకే.”