సన్నాయి పంటికి మాటు వేసిన పైడమ్మ

అనగనగా, మీ తాతకి తాత కూడా పుట్టని కాలంలో, పైడమ్మ అని ఒకామె ఉండేది. ఊరూరా తిరిగి, కారిపోయే బిందెలకీ చిల్లులు పడ్డ గిన్నెలకీ మాట్లు వేసేది. చిల్లు చుట్టూ చిలుమంతా గీకి, తగరం పెట్టి కొట్టి మూసేది. "పారేసి కొత్తది కొనుక్కుంటాం లే" అని ఎవరైనా అంటే, "పోయింది తీస్తాను, ఉన్నది ఉంచుతాను" అనేది.

ఆ రోజుల్లో పంటి నొప్పికి ఒకటే మందు, పట్టకారు. సంతలో దాలయ్య అనేవాడు అది పట్టుకుని కూర్చునేవాడు. చిన్న పుచ్చయినా పీకుడే, పెద్ద పుచ్చయినా పీకుడే. మనిషి మంచివాడే పాపం. ఇంకో పని రాదు, అంతే.

ఒకనాడు సన్నాయి సూరన్న మూతి పట్టుకుని సంతకొచ్చాడు. ముందు పంటికి పుచ్చు పట్టి చిల్లు పడింది. ఆ పన్ను పోతే ఊదిన గాలంతా సందులోంచి పోతుంది, సన్నాయి పలకదు. సన్నాయి పలకకపోతే సూరన్నకి బువ్వ లేదు. అమ్మవారి పండగ చూస్తే దగ్గరపడింది, ఆ రోజు అమ్మవారిని నిద్ర లేపేది సూరన్న సన్నాయే.

దాలయ్య పట్టకారు తీశాడు. సూరన్న పరుగు తీశాడు. తీసి తీసి, పక్కనే బిందె కొడుతున్న పైడమ్మ ముందు కూలబడ్డాడు.

"అప్పా, బిందె చిల్లు మూస్తావు గదా, నా పంటి చిల్లు కూడా మూసీ!"

"ఓరి నీ ఇల్లు బంగారం గాను! నోట్లో తగరం ఏటిరా?" అని నవ్వి, నోరు తెరిపించి చూసింది. "చుట్టూ పన్ను గట్టిగానే ఉందిరా. పోయింది తీస్తాను, ఉన్నది ఉంచుతాను."

నోట్లో లవంగం పెట్టించి, సన్న మేకుతో పుచ్చు గీకబోయింది. సూరన్న కెవ్వుమన్నాడు. పైడమ్మ మనసు కరిగిపోయింది. గీకడం మానేసి, పలచని తగరపు రేకు చిల్లులో కూరి మూసేసింది. తెల్లారేసరికి సూరన్న మూతి బూరెలా పొంగింది.

"తప్పు నాదేరా తమ్ముడూ. గిన్నె ఏడవదు, నువ్వు ఏడ్చావు. జాలిపడి పుచ్చు మీదే మూసీసినాను" అని రేకు లాగేసింది.

వాపు తగ్గాక రెండోసారి కూర్చోబెట్టింది. ఈసారి గుండె రాయి చేసుకుని పుచ్చంతా గీకింది. సూరన్న తల కదలకుండా పట్టుకున్నది ఎవరనుకున్నారు? దాలయ్యే! రేకు కూరారు. నొప్పి పోయింది. కానీ సూరన్న ఊదబోతే రేకు అంచు పెదవికి గుచ్చుకుని, సన్నాయి మేకపిల్లలా అరిచింది. సంతంతా పగలబడి నవ్వింది. సూరన్నకి మాత్రం ఏడుపొచ్చింది. తెల్లారితే పండగ.

"ఏడవకురా, ఊదు" అంది పైడమ్మ. ఊదాడు. "ఆపు" అని కాస్త అరగదీసింది. మళ్ళీ ఊదమంది, మళ్ళీ ఆపమంది, మళ్ళీ అరగదీసింది. చివరికి, "నాలుకతో తడుముకో. మాటు ఎక్కడుందో చెప్పు" అంది.

"తెలీడం లేదప్పా!"

మర్నాడు సన్నాయి పలికింది. అమ్మవారు లేచిందో లేదో ఆవిడకే తెలుసు, ఊరు మాత్రం మొత్తం లేచింది. దాలయ్య పైడమ్మ దగ్గర కూర్చుని పంటి మాట్లు నేర్చుకున్నాడు. పట్టకారు మరీ పనికిరాని పళ్ళకే తీసేవాడు.

ఏళ్ళు గడిచి పైడమ్మ కాలం చేసింది. ఆమెకి ఇల్లు లేదు, పిల్లల్లేరు. ముసలి సూరన్న పాడె ముందు నడుస్తూ, దారి పొడుగునా సన్నాయి ఊదాడు. ఒక్క స్వరం జారలేదు.

ఇప్పటికీ ఆ పక్క ఊళ్ళలో ఏది పాడైనా, కాలు విరిగిన మంచమైనా, మాటల్లేని మొగుడూ పెళ్ళాలైనా, పెద్దవాళ్ళు ముందుగా ఒకటే అడుగుతారు. "పైడమ్మకి చూపించారా?" అని. ఆ మాట వినగానే విసిరేయబోయిన చెయ్యి ఆగిపోతుంది.