మెదడుకు కుదురెలా పోయింది

ఒకప్పుడు మనిషి మెదడు ఇప్పటిలా ఉండేది కాదు. గులకరాయిలా గట్టిగా, నున్నగా ఉండేది. పుర్రెలో హాయిగా కూర్చునేది. పగలూ కూర్చునేది, రాత్రీ కూర్చునేది. అంత బద్ధకం ఇంకెవరికీ ఉండేది కాదు.

పుట్టినప్పుడు మాత్రం మెత్తగానే ఉండేది. చూసినవీ విన్నవీ దాని మీద నడిచి దారులు వేసుకునేవి. ఏడో ఏడు నిండగానే బిగుసుకుపోయేది. "ఇక చాలు, తలుపు వేసేశాను" అనేది. ఆ తర్వాత ఎవరేం చెప్పినా సాయంత్రానికి జారిపోయేది.

అందుకని ఆ రోజుల్లో పిల్లలకు ఊపిరాడేది కాదు. వంట, ఈత, విత్తడం, కోయడం, బుట్టలల్లడం అన్నీ ఏడేళ్లలోపే నేర్చేసుకోవాలి. మీరు బడికి వెళ్లడానికే అంత ఏడుస్తారు కదా, వాళ్లని చూస్తే ఏమనేవారో.

పెద్దవాళ్ల తిప్పలు ఇంకోటి. ఏడేళ్లు దాటాక చూసిన ముఖం ఏదీ గుర్తుండదు. మరి తల్లికి తన బిడ్డ ఎలా తెలుస్తుంది? దానికో ఉపాయం పెట్టుకున్నారు. ఆడపిల్లకు ఆరేళ్లు రాగానే అమ్మమ్మ ఆమె అరచేతిలో ఒక గుర్తు పెట్టేది. ఒకరికి గవ్వ, ఒకరికి గురివింద గింజ. "ఇది ఎవరి మొలతాడుకి ఉంటే ఆ బిడ్డ నీది" అని నూరిపోసేది. మొగుళ్లనెలా గుర్తుపట్టేవారని అడక్కండి, ఆ గొడవ మనకొద్దు.

పైడి అనే ఆమెకు వాళ్ల అమ్మమ్మ నీలిపూస ఇచ్చింది. పుట్టబోయే బిడ్డ పేరు కూడా చెప్పింది, చుక్కి అని. పైడి పెద్దదయింది, కూతురు పుట్టింది. మొలతాడుకి నీలిపూస కట్టి చుక్కి అని పిలుచుకుంది. రోజూ పొద్దున్నే ఆ పూస తడిమి చూసుకుని అప్పుడు ముద్దు పెట్టుకునేది.

చుక్కికి ఐదేళ్లప్పుడు వాగులో ఈదుతుంటే పీత ఒకటి వచ్చింది. మెరిసేది ఏది కనిపించినా దానికి కావాలి. మొలతాడు కత్తిరించి, పూస పట్టుకుని బొరియలో దూరింది. "ఇది నాది" అని లోపలినుంచి అంది కూడా.

చుక్కి ఇంటికొచ్చింది. "అమ్మా, ఆకలేస్తోంది."

పైడి ఆ పిల్ల నడుము చూసింది. "ఎవరి పిల్లవమ్మా? మా చుక్కి ఇంకా రాలేదు. వాగు దగ్గర కనిపించిందా?"

"నేనే చుక్కిని."

"నీలిపూస లేదుగా" అంది పైడి. ఓ ముద్ద పిల్ల చేతిలో పెట్టి, వెతకడానికి బయల్దేరింది.

ఇక ఆమె కాలు నిలవలేదు. వాగు దగ్గరికి పోయింది, చింతతోపు చుట్టింది, కనబడిన ప్రతి పిల్ల నడుమూ చూసింది. తినబోయి లేచేది, పడుకోబోయి లేచేది. చుక్కి ఆమె వెనకే తిరిగింది. తల్లి వెనక్కి చూసేది, పూస లేదని మళ్లీ ముందుకు పోయేది.

మరో పూస కట్టొచ్చుగా అంటారేమో. ఊరంతటికీ నీలిపూస అదొక్కటే. పైగా ఊళ్లో పాత కట్టుబాటు ఒకటుంది. గుర్తులేని పిల్లని తొలివాన పడిన రోజున ఏరు దాటించి పంపేయాలి. అప్పటికే మబ్బులు పట్టడం మొదలైంది.

చుక్కి గడప మీద కూర్చుని ఏడ్చింది. గోడ మీద చీమలు బారుగా పోతున్నాయి. కోపంతో ఆ బారుని చేత్తో చెరిపేసింది. చీమలు కాసేపు కంగారుగా తిరిగాయి. ఒకటి పక్కనుంచి వెళ్లింది. దాని వెనకే ఇంకోటి. చూస్తుండగానే మళ్లీ బారు.

"మీ దారి చెరిపేశాను కదా" అంది చుక్కి.

"దారి అంటే ఏమనుకున్నావు పిల్లా?" అంది చీమ. "ఒకరు వెళ్తారు. అక్కడినుంచే మళ్లీ వెళ్తారు. అంతే. అడ్డం తప్పుకో, నాకు పనుంది."

మర్నాటినుంచి చుక్కి ఒకే పని చేసింది. పొద్దున్నే తల్లి అరచేతిని తన చెంపకి ఆనించుకునేది. "అమ్మా, నేను చుక్కిని" అనేది. పైడి, "ఎవరివమ్మా? మా పిల్లని చూశావా?" అనేది. మధ్యాహ్నం అదే చెంప, అదే మాట. సాయంత్రం కూడా అదే. పదిరోజులు, ఇరవై రోజులు, నెల.

పైడి తల లోపల మెదడుకు చిర్రెత్తింది. "ఎవరది? తలుపు వేశానని చెప్పానా లేదా? రోజూ ఒకే చోట తొక్కుతారేం?"

"తీసి చూడు" అంది పుర్రె.

"తియ్యాలంటే మెత్తబడాలి. ఒక్కసారి మెత్తబడితే మళ్లీ బిగుసుకోలేను. ఇక వచ్చేవి వస్తుంటాయి, నాకు కుదురుండదు."

"ఇప్పుడు మాత్రం ఉందా? ఈవిడ తిరగడం ఆపదు, ఆ పిల్ల తొక్కడం ఆపదు. నువ్వు మెత్తబడు. నేను గట్టిగా ఉండి కాస్తాను. చోటు మాత్రం పెంచను."

మెదడు గొణిగింది. గొణుగుతూనే, ఆ తొక్కిన చోట కొంచెం మెత్తబడింది.

తొలివాన పడింది. ఊరిపెద్ద వచ్చి చుక్కి చెయ్యి పట్టుకుని రేవువైపు నడిచాడు. ఎదురుగా పైడి, చినుకుల్లో ఇంకా వెతుకుతూ వస్తోంది. చుక్కి ఆమె అరచేతిని లాగి చెంపకి ఆనించుకుంది.

పైడి ఆగింది. కొంగు తీసి పిల్ల తల మీద కప్పింది.

"చుక్కీ, తల తడుస్తోందే. వానలో ఎక్కడికి పోతున్నావు?"

"గుర్తేదమ్మా?" అన్నాడు పెద్ద.

"ఇదిగో" అంది పైడి. చెంప మీంచి చెయ్యి తియ్యలేదు.

ఆ దారి పడిందో లేదో, దాని పక్కనే ఇంకోటి పడింది. చుక్కి నవ్వు, చుక్కి నడక, వానకి తడిసిన జుట్టు వాసన. పుర్రె చోటు పెంచలేదు కదా, మెదడు ఏం చేస్తుంది? చెంబులో చీర కుక్కినట్టు మడతలు పడి సర్దుకుంది. కొత్తవాటికి చోటు చాలక, ఎవరూ నడవని పాత దారుల్ని గడ్డి కప్పుకోనిచ్చింది. చూసి ఊళ్లో మిగతా మెదళ్లు ఊరుకుంటాయా? తొక్కించుకుని తొక్కించుకుని అవీ మెత్తబడ్డాయి.

వానలు ముదిరి వాగు పొంగింది. పీత బొరియలోంచి నీలిపూస కొట్టుకొచ్చి ఒడ్డున పడింది. పైడి దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవరిదో పాపం" అంది. "చుక్కీ, ఊళ్లో అడిగి ఇచ్చేసి రా. వాళ్లమ్మ వెతుక్కుంటూ ఉంటుంది."

అప్పటినుంచే మన మెదడు మెత్తగా, మడతలు మడతలుగా ఉంది. మనం నిద్రపోయినా అది పోదు, దారులు సర్దుకుంటూ తిరుగుతూనే ఉంటుంది. ఎనభై ఏళ్ల ముసలమ్మయినా కొత్త పాట నేర్చుకుంటుంది, నడవని దారిని ఎంతటివాళ్లయినా మరిచిపోతారు. అందుకే అమ్మకి చెప్పాల్సిన మాట ఒకసారి చెప్పి ఊరుకోకండి, రోజూ చెప్పండి.