గోడ కింద అడిగిన ప్రశ్న

అడిగిన వెంటనే జవాబు చెప్పడం రాజలింగం సారుకు అలవాటు లేదు. ముందు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటారు. బడి నుంచి రిటైరయ్యాక ప్రతి ఆదివారం మా ముందుగదిలో మార్క్సిజం పాఠం చెబుతున్నారు. నేను చాయ్ పెడతాను, వింటాను.

ఆ గదిలో ఓపెన్‌కాస్ట్ గని వైపు గోడ పైనుంచి కిందిదాకా పగిలింది. బొగ్గు కోసం బ్లాస్టింగ్ మొదలైనప్పటినుంచి మా వాడలో అందరి గోడలూ అంతే. మర్నాడు అధికారులు చూడడానికి వస్తున్నారు. పేలుళ్ళ వల్లే పగిలాయని ఒప్పుకుంటే వేరేచోట ఇళ్ళిస్తారు. లేదంటే ఈ గోడల కిందే మా పడక. వాడ తరఫున మాట్లాడమని మా అమ్మాయి నవతను అడిగారు. సారు దగ్గర అక్షరాలు దిద్ది, ఇప్పుడు యూనివర్సిటీలో తత్వశాస్త్రం చదువుతున్న పిల్ల.

తను మాట్లాడనంది.

"పునాది పాతదై పగిలిందని కంపెనీ అంటది, పేలుడు వల్లని మనం అంటం. రెండూ కథనాలే సారూ. మీ మార్క్సిజం ఇంకో పెద్ద కథనం. ఇదొక్కటే నిజమని నిలబడి ఎట్ల చెప్పాలె?"

సారు నవ్వారు. తలుపేసుకొని కూర్చుని లోకం ఉందా లేదా అని శంకించిన పాత తాత్వికుడికి వేళకు అన్నం ఎవరు పెట్టారో కనుక్కోమన్నారు. ఇప్పటివాళ్ళు ఆ తలుపు తీశారు, ఎవరి లోకం వారిదని చెప్పి మళ్ళీ వేసుకున్నారు అన్నారు. ఏది అడిగినా వంటింట్లకే తీసుకపోతరని నవత ఎత్తిపొడిచింది. సారు కళ్ళద్దాలు తీశారు.

అప్పుడే సైరన్ మోగింది.

బ్లాస్టింగ్ సైరన్ మోగితే మా వాడలో ఎవరూ ఇంట్లో ఉండరు. పొయ్యి మీది కూర పొయ్యి మీదే. నవత నాకంటే ముందు వాకిట్లో ఉంది. చూస్తే సారు రాలేదు. ఆ పగిలిన గోడకు ఆనించిన బెంచీ మీదే, అద్దాలు తుడుచుకుంటూ.

పిలిచాను. కదలలేదు. నవత లోపలికి ఉరికింది.

"లేవండి సారూ, గోడ పడుతది."

"ఎవరి కథనంలో, బిడ్డా?"

నవత ఆయన మణికట్టు పట్టి ఈడ్చుకొచ్చింది. గడప దాటారో లేదో నేల అదిరింది. గోడ నిలిచింది. రొట్టెంత పెచ్చు ఊడి బెంచీ మీద పడింది.

ఆయనకు ఎదురు మాట్లాడి ఎరగను. ఆ రోజు అడిగాను.

"పాఠానికి నా బిడ్డే దొరికిందా, అన్నా?"

సారు ముఖం పాలిపోయింది. బయటినుంచే పిలుస్తుందనుకున్నానని గొణిగారు. ఇది రాస్తున్నప్పుడు కూడా సైరన్ కోసం నా చెవి గని వైపే ఉంది.

నవత ఇంకా ఆయన చెయ్యి వదల్లేదు. సారు ఆ పట్టు వైపు చూశారు.

"రేపు అధికారుల ముందు కూడా ఇంతే గట్టిగా పట్టుకో" అన్నారు.